చావనివాడికి తద్దినం

హెవీ మెటల్ ఎప్పుడు పోయిందని అడిగితే తారీఖుతో సహా చెప్పేవాళ్ళున్నారు. 1991 సెప్టెంబరు 24. ఆ రోజు అమెరికాలో నిర్వాణా బృందం ‘నెవర్‌మైండ్’ విడుదలైంది. వాషింగ్టన్ రాష్ట్రంలో అబర్డీన్ అనే కలప మిల్లుల ఊళ్ళో మొదలైన బృందం. చిరుగుల ప్యాంట్లు, మాసిన చొక్కాలు, మొహాన రంగన్నది లేదు. వాళ్ళు టీవీలో కనబడగానే లాస్ ఏంజెలెస్‌లో జుట్టుకు స్ప్రే కొట్టుకుని తిరిగే మెటల్ వీరులంతా మూటాముల్లె సర్దుకున్నారనీ, పదేళ్ళ రాజ్యం ఒక్క పాటతో కూలిపోయిందనీ కథ. పత్రికలు రాశాయి, డాక్యుమెంటరీల్లో చెప్పారు, కాలేజీ క్విజ్‌లో ప్రశ్నగా కూడా విన్నాను. ‘నెవర్‌మైండ్’కు పదేళ్ళు నిండితే ఒకసారి, ఇరవై నిండితే ఒకసారి, ముప్పై నిండితే మరోసారి ఆ కథకు కొత్తగా సున్నం కొట్టి నిలబెడతారు. పుట్టినరోజు ఒకరిది, తద్దినం ఇంకొకరికి.

ఈ తద్దినం భోజనానికి నేను రాను. పోయాడంటున్నవాడు పోలేదు. పైగా ఆ ఏడాది బతికినంత జోరుగా అతను బతికిన ఏళ్ళు చాలా తక్కువ. 1991లో వచ్చిన హెవీ ఆల్బమ్‌లలో నాకు ఇష్టమైనవన్నీ బయటికి తీస్తే బల్ల నిండిపోతుంది, ఇంకా కొన్ని నేలమీద పెట్టాలి. చచ్చిన ఏడాదికి అంత పంట ఎక్కడిది?

హెవీ రాక్ వేరు, హెవీ మెటల్ వేరు అని గీత గీసే తగవులోకి మాత్రం దిగను. శృతి దించిన గిటారు, దాని వెనక దిట్టమైన డ్రమ్ములు, పాటను భుజాన మోసే రిఫ్, ఈ మూడూ ఉంటే నా లెక్కలో అది హెవీయే. రిఫ్ అంటే తిరిగి తిరిగి వచ్చే గిటారు స్వరాల వరుస. మన పాటలో పల్లవి చేసే పని అక్కడ అది చేస్తుంది.

ముందు లెక్కలు చూద్దాం. చావు కథ చెప్పేవాళ్ళు మాట్లాడేది అమ్మకాల భాషే కాబట్టి వాళ్ళ భాషలోనే అడుగుదాం. 1991 మే దాకా బిల్‌బోర్డ్ పత్రిక ఆల్బమ్‌ల జాబితా ఎలా తయారయ్యేదో తెలుసా? దుకాణాలకు ఫోన్ చేసి ఈ వారం ఏవి బాగా పోతున్నాయని అడిగేవారు. కౌంటరు వెనక కూర్చున్న మనిషి నోటికి ఏది వస్తే అదే లెక్క. మే 25 సంచిక నుంచి సౌండ్‌స్కాన్ పద్ధతి వచ్చింది. బార్‌కోడ్ మీద గీత పడిన ప్రతి కాపీ దుకాణం నుంచి నేరుగా లెక్కలోకి ఎక్కింది. కౌంటరు మనిషి చిన్నచూపు చూసిన సంగీతాలు మూడు ఒక్కసారిగా పైకి తేలాయి: కంట్రీ, ర్యాప్, హెవీ.

కొత్త లెక్క మొదలైన అయిదు వారాలకే స్కిడ్ రో బృందం ‘స్లేవ్ టు ద గ్రైండ్’ విడుదలైన వారమే నేరుగా మొదటి స్థానంలో దిగింది. ఆ తర్వాత వాన్ హేలెన్. ఆగస్టులో మెటాలికా, తన పేరే పెట్టుకున్న నల్ల అట్ట ఆల్బమ్‌తో. మొదటి వారంలోనే దాదాపు 6 లక్షల కాపీలు, నాలుగు వారాలు పైన కూర్చుంది. సెప్టెంబరు 17న గన్స్ ఎన్ రోజెస్ ఒకే రోజున రెండు ఆల్బమ్‌లు వదిలితే అవి మొదటి, రెండో స్థానాల్లో పక్కపక్కనే దిగాయి. వారానికి రెండూ కలిపి 14 లక్షలు దాటాయి. ఆ తర్వాత వారం రోజులకు వచ్చిన ‘నెవర్‌మైండ్’ సంగతి? కంపెనీ మొదట దుకాణాలకు పంపింది 46 వేల చిల్లర కాపీలు. జాబితాలో దిగింది 144వ స్థానంలో. మొదటి స్థానానికి ఎక్కింది 1992 జనవరిలో. అప్పుడైనా దించేసింది ఎవర్ని? మెటల్ బృందాన్ని కాదు, మైకేల్ జాక్సన్‌ని. ఆయన ‘డేంజరస్’ ఆల్బమ్ కుర్చీలో నిర్వాణా కూర్చుంటే దాని చేత హెవీ మెటల్‌ని హత్య చేయించడం ఏ న్యాయశాస్త్రం?

అమ్మకాలు ఎక్కువైనంత మాత్రాన సంగీతం గొప్పదైపోదు, ఒప్పుకుంటాను. గన్స్ ఎన్ రోజెస్ జంట ఆల్బమ్‌లే అందుకు సాక్ష్యం. మొత్తం ముప్పై పాటలు. కత్తిరించి పన్నెండు చేసి ఉంటే గొప్ప ఆల్బమ్ ఒకటి దొరికేది. పెళ్ళివిందులో విస్తరి చాలక రెండో విస్తరి వేసినట్టుంటుంది ఆ వ్యవహారం, సగం పారేయడానికే. కానీ చావు వాదం నిలబడ్డది అమ్మకాల మీదే కదా, అవే దాన్ని పడగొడుతున్నాయి.

‘నెవర్‌మైండ్’ విడుదలైన నాలుగు రోజులకు, అంటే సెప్టెంబరు 28న, మాస్కో శివార్లలోని తుషినో విమానాశ్రయ మైదానంలో ఒక కచేరీ జరిగింది. టికెట్టు లేదు. ఏసీ/డీసీ, మెటాలికా, పాంటెరా, బ్లాక్ క్రోస్. అంతకు నెల ముందే ఆగస్టులో అధికారం కోసం కుట్ర జరిగి, విఫలమై, సోవియట్ యూనియన్ చివరి నెలల్లో కొట్టుమిట్టాడుతోంది. జనం ఎందరు వచ్చారో ఇప్పటికీ తేలలేదు. 5 లక్షలన్నవాళ్ళున్నారు, 16 లక్షలన్నవాళ్ళున్నారు. ఏ అంకె తీసుకున్నా ఆ ఫిల్ములు చూస్తే మైదానం అంచు కనబడదు. మనుషుల మీదుగా సైనికుల టోపీలు, వాటి మీదుగా హెలికాప్టర్లు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు, ఆ వారమే మెటల్ చచ్చిందంటే తలూపుతున్నాం మనం.

సరే, లెక్కలు పక్కన పెడదాం. కథలోని అసలు అబద్ధం అంకెల్లో లేదు, చుట్టరికంలో ఉంది. నిర్వాణాతో సహా, గ్రంజ్ అని పేరుపడ్డ సియాటిల్ బృందాలు హెవీకి శత్రువులని కథ చెబుతుంది. నిజానికి అవి ఆ ఇంటి పిల్లలు.

సౌండ్‌గార్డెన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే 1991లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రెండు ఆల్బమ్‌లలో వాళ్ళ ‘బ్యాడ్‌మోటర్‌ఫింగర్’ ఒకటి. గిటారిస్టు కిమ్ థయిల్ సియాటిల్‌లో పుట్టాడు గానీ తల్లిదండ్రులు కేరళ నుంచి వెళ్ళినవాళ్ళు. పైకి గ్రంజ్ అని ముద్ర వేసిన ఈ ఆల్బమ్‌ని తెరిచి చూడండి. ‘రస్టీ కేజ్’లో అన్నిటికన్నా లావు తీగను మామూలు శృతి నుంచి బి దాకా దించేశారు. తీగ అంత వదులైతే అది మోగదు, బరువుగా ఊగుతుంది. మొదట్లో గుర్రం దౌడులా పరిగెత్తిన పాట చివరికి వచ్చేసరికి ఒక్కసారిగా నడక మార్చి, బురదలో దిగిన లారీ చక్రంలా మొరాయిస్తుంది. ‘అవుట్‌షైన్డ్’ చరణాల్లో తాళం ఏడు మాత్రలు. మిశ్రచాపు విని పెరిగిన చెవికి ఆ ఏడు కొత్తేమీ కాదు. కొత్తల్లా ఏమిటంటే, ఆ ఏడో మాత్ర దగ్గర కాలు తడబడినట్టయి మళ్ళీ నిలదొక్కుకునే ఆ తూగులో గాయకుడు క్రిస్ కార్నెల్ గొంతు తడబడకుండా పైకి పోవడం. ఇదంతా పంక్ కుర్రాళ్ళ నిర్లక్ష్యమా? బ్లాక్ సబాత్ పాఠం ఒంటబట్టినవాళ్ళ పని.

ఆ ఆల్బమ్ నిర్మాతల్లో ముఖ్యుడు టెర్రీ డేట్. ఆయన అంతకు ముందు ఏడాది పాంటెరా ‘కౌబాయ్స్ ఫ్రమ్ హెల్’ చేశాడు, ఆ తర్వాతి ఏడాది పాంటెరాదే ‘వల్గర్ డిస్‌ప్లే ఆఫ్ పవర్’ చేశాడు. ఆ రెండింటి నడుమ వండిన వంట ‘బ్యాడ్‌మోటర్‌ఫింగర్’. ఒకటే పొయ్యి, ఒకటే గరిటె. ఆ ఆల్బమ్‌ని గ్రామీ వాళ్ళు పోటీకి పెట్టింది ఏ విభాగంలో అనుకున్నారు? మెటల్ విభాగంలోనే, మెగాడెత్, ఆంత్రాక్స్, మోటర్‌హెడ్‌ల పక్కన. బహుమతి మెటాలికాకు పోయింది.

ఇంకా దగ్గరి చుట్టరికం ఒకటుంది. మెటాలికా నల్ల ఆల్బమ్‌ని ప్రపంచమంతా మోసుకెళ్ళిన ‘ఎంటర్ శాండ్‌మన్’ రిఫ్ ఎలా పుట్టిందో ఆ బృందం గిటారిస్టు కర్క్ హామెట్ స్వయంగా చెప్పాడు. సౌండ్‌గార్డెన్ 1989 ఆల్బమ్ ‘లౌడర్ దాన్ లవ్’ వింటూ, అర్ధరాత్రి దాటాక, ఆ బరువు తన చేతికి రావాలని ప్రయత్నిస్తుంటే వచ్చిందట. అంటే సియాటిల్ మెటల్‌కు విషం పెట్టిందని చెబుతున్న ఏడాదే విడుదలైన మెటల్ అతిపెద్ద పాటకు విత్తనం సియాటిల్ నుంచే వచ్చింది. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించినప్పుడు హైదరాబాదు నుంచి రాత్రి బస్సెక్కి పోయాను. ఆ పాట మొదలవగానే నా చుట్టూ గంతులేసినవాళ్ళలో సగంమంది ఆ ఆల్బమ్ వచ్చేనాటికి పుట్టనివాళ్ళే. బురదలో నా చెప్పు ఒకటి అక్కడే పోయింది. చచ్చిన సంగీతం కోసం పోగొట్టుకున్న చెప్పు.

సియాటిల్‌దే ఇంకో బృందం, ఆలిస్ ఇన్ చెయిన్స్ సంగతి చూడండి. 1991 వేసవిలో అమెరికా అంతా తిరిగిన ‘క్లాష్ ఆఫ్ ద టైటన్స్’ యాత్రలో స్లేయర్, మెగాడెత్, ఆంత్రాక్స్‌లకు ముందు వేదికెక్కింది వాళ్ళే. నిజం దాచను, స్లేయర్ కోసం వచ్చిన జనం వాళ్ళ మీదికి చేతికందినవన్నీ విసిరారు. అవతలివాళ్ళు దీన్ని పట్టుకుని, చూశారా, మెటల్ జనమే వాళ్ళను తమవాళ్ళు కాదన్నారు అంటారు. అయ్యా, స్లేయర్ జనం స్లేయర్ కన్నా ముందు ఎవరు వాయించినా అదే చేస్తారు, అది వాళ్ళ ఆతిథ్యం. ఆలిస్ ఇన్ చెయిన్స్ వెనక్కి తగ్గకుండా యాత్ర పూర్తి చేసింది. ఆ బృందం గాయకుడు లేన్ స్టేలీ అంతకు ముందు ఉన్న బృందమేమో జుట్టుకు స్ప్రే, మొహాన రంగు వేసుకునే గ్లామ్ బాపతు. పేరులో ఒక్క ముక్క తేడా, అంతే: ఆలిస్ ఎన్ చెయిన్స్. మరి గ్లామ్‌ను గ్రంజ్ చంపిందంటే, లేన్ స్టేలీ తనను తానే చంపుకున్నాడా?

ఇక ‘నెవర్‌మైండ్’. దాన్ని రికార్డు చేసింది బుచ్ విగ్, తుది మిక్సింగ్ చేసింది ఆండీ వాలెస్. స్లేయర్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’కు 1986లో ఇంజనీరు ఆయనే, 1990లో ‘సీజన్స్ ఇన్ ది అబిస్’కూ ఆయనే పనిచేశాడు. మిక్సింగ్ చేయగలవాళ్ళ పేర్ల పట్టీ ముందు పెడితే, స్లేయర్ పేరు చూసే నిర్వాణా గాయకుడు కోబేన్ ఆయన్ని ఎంచుకున్నాడని చెబుతారు. ‘నెవర్‌మైండ్’లో డ్రమ్ములు గోడ మీద సమ్మెట పడినట్టు మోగడం వెనక ఆ చేతివాటం ఉంది. నిర్వాణా మొదటి ఆల్బమ్ ‘బ్లీచ్’ కాలంలో వాళ్ళ వ్యానులో తిరిగిన క్యాసెట్టు ఒకటుంది. ఒక వైపు స్మిథరీన్స్ అనే రాక్ బృందం, రెండో వైపు స్విట్జర్లాండ్ మెటల్ బృందం సెల్టిక్ ఫ్రాస్ట్. ఆ మాట చెప్పింది బేస్ వాయించిన క్రిస్ట్ నోవోసెలిక్. వాళ్ళ కోపం గ్లామ్ వేషాల మీద, ఆడవాళ్ళను చులకన చేసే ఆ పాటల మీద. ఆ కోపం న్యాయమైనదే. బరువు మీద వాళ్ళకు కోపం ఎప్పుడూ లేదు.

మరి పోయినవాళ్ళు ఎవరూ లేరా? ఉన్నారు, ఉన్నారనే చెప్పాలి. 1986 నుంచి 1990 దాకా ఎంటీవీ తెర నిండా కనబడిన గ్లామ్ మెటల్ బృందాలు 1992 తిరిగేసరికి కంపెనీల గుమ్మాల బయట నిలబడ్డాయి. వారెంట్ అనే గ్లామ్ బృందం గాయకుడు జానీ లేన్ చెప్పుకున్న ముచ్చట ఒకటి బాగా ప్రచారంలో ఉంది. తమ కంపెనీ ఆఫీసులో స్వాగత బల్ల వెనక ఎప్పుడూ ఉండే తమ ‘చెర్రీ పై’ ఆల్బమ్ పోస్టరు స్థానంలో ఒకరోజు ఆలిస్ ఇన్ చెయిన్స్ పోస్టరు కనబడిందట. పని అయిపోయిందని అప్పుడే తెలిసిందట. పాపం మనిషి, హాస్యంగానే చెప్పినా బాధ తెలుస్తుంది. కానీ గోడ మీద పోస్టరు మార్చింది సియాటిల్ కుర్రాళ్ళు కాదు, కంపెనీ. ఒక బృందం లక్షలు తెస్తే దానిలాంటివి పది పట్టుకురమ్మని ఏజెంట్లను పంపింది కంపెనీయే. ప్రతి ఆల్బమ్‌లో ఒక నెమ్మది ప్రేమపాట ఉండాలని, రేడియో కోసం అదే ముందు వదలాలని పట్టుబట్టిందీ కంపెనీలే. ఒకే చీరకు పది రంగులు అద్ది పది చీరలని అమ్మితే కొనేవాళ్ళకు ఎన్నాళ్ళకు విసుగు రాదు? గ్లామ్ అజీర్తితో పోయింది. వైద్యుడు రాకముందే పోయినవాడి చావును హత్యగా రాసి, ముద్దాయిని వీరుణ్ణి చేశారు. ఆ తర్వాత గ్లామ్ అనే మాటను చడీచప్పుడు లేకుండా చెరిపేసి, దాని చోట మెటల్ అనే మాట రాశారు. మొత్తం మోసం ఆ ఒక్క మాట మార్పిడిలోనే ఉంది. జోళ్ళ దుకాణం మూతబడితే మనుషులు నడవడం మానేశారని రాసినట్టు.

ఇంత చెప్పినా నల్ల ఆల్బమ్ దగ్గర ఆగేవాళ్ళుంటారు. మెటల్ చావలేదు సరే, మెటాలికా వేగం తగ్గించి, పాటలు కుదించి, మోట్లీ క్రూ ‘డాక్టర్ ఫీల్‌గుడ్’ చేసిన బాబ్ రాక్‌ని నిర్మాతగా పెట్టుకుని అమ్ముడుపోయింది కదా, అదీ ఒక చావే కదా అంటారు. నాకూ ఆ ఆల్బమ్‌లో సగమే ఇష్టం. ‘శాడ్ బట్ ట్రూ’ లాంటి బరువు అరుదు, ‘నథింగ్ ఎల్స్ మ్యాటర్స్’ ఊళ్ళోని ప్రతి గిటారు క్లాసులో విని విని చెవి మొద్దుబారిపోయింది. సౌండ్‌స్కాన్ లెక్కలు మొదలయ్యాక అమెరికాలో 1 కోటి 60 లక్షలు దాటిన మొదటి ఆల్బమ్ అది. ఆ దాటడం కూడా 2014లో, వచ్చిన ఇరవై మూడేళ్ళకు. ఏటేటా కొత్త పిల్లలు కొంటూ పోతే తప్ప ఏ ఆల్బమూ అలా నడవదు. అమ్ముడుపోవడం నేరమైతే ఆ నేరానికి ఇది సాక్ష్యం. చావుకు మాత్రం కాదు.

టీవీ తెరకు అవతల ఏం జరుగుతోందో చావు కథకు అసలు తెలియదు. నా రెండో ఇష్టమైన ఆల్బమ్ అక్కడిదే: డెత్ బృందం ‘హ్యూమన్’. ఫ్లోరిడాలోని టాంపాలో మోరీసౌండ్ అనే స్టూడియో. అక్కడ స్కాట్ బర్న్స్ అనే ఇంజనీరు చేతిలో ఆ రోజుల్లో డెత్ మెటల్ సగం రూపు కట్టింది. డెత్ నాయకుడు చక్ షుల్డినర్‌కు అప్పటికి నిండా పాతికేళ్ళు లేవు. 1990లో ఐరోపా యాత్రకు రానని అతను ఆఖరి నిమిషంలో మొండికేస్తే, మిగతావాళ్ళు వేరేవాళ్ళను చేర్చుకుని డెత్ పేరు మీదే వెళ్ళి వాయించి వచ్చారు. ఇంటాయన లేకుండా గృహప్రవేశం. చక్ తిరిగి బృందాన్ని కట్టేటప్పుడు ఎవర్ని తెచ్చాడో అందులోనే విశేషమంతా ఉంది. సినిక్ అనే బృందం నుంచి గిటారుకు పాల్ మాస్విడాల్, డ్రమ్ములకు షాన్ రీనర్ట్. జాజ్ ఫ్యూజన్ వింటూ పెరిగిన కుర్రాళ్ళు, రీనర్ట్‌కు అప్పుడు ఇరవై. బేస్‌కు స్టీవ్ డిజార్జియో.

మొదటి పాట ‘ఫ్లాటెనింగ్ ఆఫ్ ఎమోషన్స్’ దూరం నుంచి వచ్చే డబుల్ బేస్ డ్రమ్ముల మోతతో మొదలవుతుంది. వంతెన మీదికి రైలు వస్తోందని పట్టాల మీద చెవిపెట్టి విన్నట్టుంటుంది. అది దగ్గరికి వచ్చాక జరిగేది గోల అనుకున్నవాళ్ళు రెండోసారి వినాలి. ఎక్కడ విరగాలో అక్కడ విరుగుతుంది, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో అక్కడ పీల్చుకుంటుంది. మొదటి ఆల్బమ్‌లో శవాలు, రక్తం తప్ప మాట్లాడని చక్ ఇక్కడ మనుషుల మోసం గురించి, అర్థం చేసుకోకుండా తీర్పులు చెప్పేవాళ్ళ గురించి పాడాడు. ‘కాస్మిక్ సీ’లో మాటలే లేవు. మొత్తం ఆల్బమ్ అరగంట దాటి నాలుగు నిమిషాలు. ఒక్క లోపం చెప్పాలి: అసలు మిక్స్‌లో డిజార్జియో బేస్ దాదాపు వినబడదు. 2011లో మళ్ళీ మిక్స్ చేసి వదిలినప్పుడు, ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంటూ పలకరించని మనిషి ఒక్కసారి వచ్చి పక్కన కూర్చున్నట్టు అనిపించింది. చక్ 2001 డిసెంబరులో మెదడు కణితితో పోయాడు. అతని పేరు మీద నిజమైన తద్దినం పెట్టవచ్చు, పెట్టేవాళ్ళున్నారు కూడా.

అట్లాంటిక్ దాటితే స్టాక్‌హోమ్. అక్కడి సన్‌లైట్ స్టూడియోలో టోమస్ స్కోగ్స్‌బెర్గ్ చేతుల మీదుగా ఎంటూమ్డ్, డిస్మెంబర్ బృందాల ఆల్బమ్‌లు ఆ ఏడాదే వచ్చాయి. గిటారు శబ్దాన్ని గరుకుగా మార్చే, బాస్ కంపెనీ హెచ్ఎం-2 అనే పెడల్‌ని తీసుకుని దాని మీటలన్నీ చివరిదాకా తిప్పేశారు. తయారుచేసినవాళ్ళు అలా వాడతారని కలలో కూడా అనుకుని ఉండరు. రంపపు మిల్లులో దుంగ కోస్తున్న మోత వస్తుంది. తమాషా ఏమంటే ఆ పెడల్‌కు గిరాకీ లేదని కంపెనీ 1991లోనే తయారీ ఆపేసింది. తర్వాత ఏళ్ళ తరబడి పాతవాటి కోసం ప్రపంచమంతా వెతుకులాడితే, చివరికి 2020లో మళ్ళీ తయారుచేసింది. వ్యాపారం చచ్చిందన్నది ఒక్కోసారి ఎంత బాగా బతుకుతుందో ఆ పెడల్‌ని అడగాలి. డిస్మెంబర్ ‘లైక్ యాన్ ఎవర్ ఫ్లోయింగ్ స్ట్రీమ్’ ఇప్పటికీ వర్షాకాలం రాత్రి కరెంటు పోయినప్పుడు హెడ్‌ఫోన్లలో వినడానికి నాకు మొదటి ఎంపిక.

ఇంగ్లండులో లీ డోరియన్ ఇంకో పని చేశాడు. అంతవరకు అతివేగానికి పేరుపడ్డ నేపామ్ డెత్ బృందంలో పాడినవాడు బయటికొచ్చి, కథీడ్రల్ పేరుతో నత్తనడక సంగీతం మొదలుపెట్టాడు. ‘ఫారెస్ట్ ఆఫ్ ఈక్విలిబ్రియమ్’ 1991 డిసెంబరులో వచ్చింది. ఓపిక ఉన్నవాళ్ళు వినండి, లేనివాళ్ళను బలవంతపెట్టను. నార్వేలో డార్క్‌త్రోన్ కుర్రాళ్ళు నల్ల ఆల్బమ్ విడుదలైన ఆగస్టులోనే ‘ఎ బ్లేజ్ ఇన్ ద నార్దర్న్ స్కై’ రికార్డు చేసి పెట్టుకున్నారు. కాలిఫోర్నియా ఎడారిలో కయస్ ఉంది. వాళ్ళ ఆ ఏటి ఆల్బమ్ ‘రెచ్’ గొప్పదని చెప్పను, తర్వాతి ఏడు వచ్చినదే గొప్పది. కానీ చచ్చిన ఇంట్లో ఎవరూ పురిటిగదికి వెల్ల వేయరు కదా.

ఇక బ్రెజిల్. బెలో హొరిజోంటె నుంచి వచ్చిన సెపుల్టురా ఆ ఏడాది జనవరిలో రియోలోని మరకానా మైదానంలో, సొంతగడ్డ మీద, పెద్ద పెద్ద పేర్ల పక్కన వాయించింది. మార్చిలో ‘అరైజ్’ వచ్చింది. టాంపా వెళ్ళి స్కాట్ బర్న్స్ దగ్గర రికార్డు చేశారు. త్రాష్ వేగం, డెత్ మెటల్ బరువు, వాటి అడుగున ఇంకా పూర్తిగా పైకి రాని బ్రెజిల్ తాళాలు. తర్వాతి ఏడాది ఆ బృందం ఇండోనేషియా పోయి జకార్తాలో వాయించింది. పోయిందంటున్న సంగీతం అంతకు ముందెప్పుడూ పోని దేశాలకు పోయింది. చావు కథ చెప్పేవాళ్ళ పటంలో లాస్ ఏంజెలెస్, సియాటిల్ తప్ప ఊళ్ళు లేవు, అందుకే వాళ్ళకు ఇదేదీ కనబడలేదు.

మనకు ఆ కథ వర్తించదని నాకు ముందే తెలిసి ఉండాల్సింది. మన దగ్గరికి స్టార్ టీవీ ఉపగ్రహం మీద ఎంటీవీ వచ్చిందే 1991లో. వీధిలోకి కేబులు వైరు రావడానికి ఇంకో ఏడాదో రెండేళ్ళో పట్టింది. మాకు ముందొచ్చినవాడు, వెనకొచ్చినవాడు అన్న తేడాయే లేదు, అందరూ ఒకే వైరులోంచి ఒకే రోజు దిగారు. పోస్టరు మార్చడానికి మాకు స్వాగత బల్లా లేదు. 1994లో హైదరాబాదు హాస్టల్లో ఒక సీనియరు దగ్గర క్యాసెట్లుండేవి. అన్నా, ఒక్క రాత్రికి ఇవ్వవా అని బతిమాలితే, తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్టు తెచ్చుకో, నేనే ఎక్కించి ఇస్తా, నా క్యాసెట్టు చేతికివ్వను అన్నాడు. ఒక వైపు నలభై అయిదు నిమిషాలు. నల్ల ఆల్బమ్ పట్టదు, గంట దాటుతుంది. ‘బ్యాడ్‌మోటర్‌ఫింగర్’ కూడా పట్టదు. సరిగ్గా సరిపోయేవి రెండు దొరికాయి. ఏ వైపు ‘నెవర్‌మైండ్’, బీ వైపు ‘అరైజ్’. ఒకటి అయిపోగానే తిప్పేసి రెండోది. నాలుగేళ్ళు అలాగే విన్నాను. ఆ రెండూ బద్ధశత్రువులని నాకు చెప్పినవాళ్ళు లేరు, వాటిని వింటే అలా అనిపించనూ లేదు.

ఎక్కించిన క్యాసెట్టుకు అట్ట మీద పేర్లుండవు, ఎవరు చేశారో తెలియదు. చాలా ఏళ్ళకు ‘అరైజ్’ సీడీ కొని లోపలి కాగితం విప్పితే, మిక్సింగ్ అన్న మాటకు ఎదురుగా ఆండీ వాలెస్ అని ఉంది. ఆ క్యాసెట్టు ఇంకా నా దగ్గరుంది. టేపు సాగిపోయింది, వాయించడానికి పనికిరాదు. అట్ట మీద రెండు ఆల్బమ్‌ల పేర్ల మధ్య ఖాళీలో, అప్పుడు తెలియక రాయని ఆ ఒక్క పేరు, పెన్సిలుతో రాసిపెట్టాను.